బావమరిది చేతిలో తాడు

అనగనగా, రాజుల గుర్రాలకు కూడా దారి తెలియని ఒక పెద్ద అడవి. ఆ అడవి నడుమ ఒక కొండ. దాని పేరు గద్దరాయి. గద్దలు కూడా దాని అంచున కూర్చుని కిందికి చూడాలంటే రెండుసార్లు ఆలోచించేవట. ఆ కొండ కింద రేలగూడెం అని ఒక చిన్న గూడెం ఉండేది. పాతిక గుడిసెలు, ఒక వాగు, బోలెడన్ని కుక్కలు. అంతే.

ఆ గూడెం వాళ్ళు దుంపలు తవ్వుకునేవారు, కాయలు ఏరుకునేవారు. కాని వాళ్ళకు పేరు తెచ్చింది తేనె. గద్దరాయి నిలువు బండకు మనిషి ఎత్తు తేనెపట్లు వేలాడేవి. వాటిని అందుకోవాలంటే నడుముకు తాడు కట్టుకుని పైనుంచి దిగాలి. కింద చూస్తే లోయ, చుట్టూ చూస్తే తేనెటీగలు, చేతిలో పొగకట్ట. ఇక ప్రాణమంటారా, అది తాడు రెండో కొసన ఉంటుంది.

మరి ఆ రెండో కొస ఎవరు పట్టుకోవాలి?

అన్నదమ్ములు పట్టుకోవచ్చా? వద్దన్నారు పెద్దలు. ఏనాటికైనా వాళ్ళ మధ్య వాటాల తగవు వస్తుంది. స్నేహితుడు? స్నేహం మంచిదే, కాని పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉంటుందని చెప్పలేం. తండ్రి? ముసలి చేతులకు పట్టు చాలదు. అందుకని గూడెంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తేనెకు దిగేవాడి తాడు అతని భార్య తోడబుట్టినవాడే పట్టాలి. అక్క నుదుటి బొట్టు చెరిగిపోవాలని ఏ తమ్ముడు కోరుకుంటాడు? బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

దిగేముందు బావ మూడు ప్రశ్నలు అడిగేవాడు. బావమరిది మూడు జవాబులు చెప్పేవాడు.

"చెయ్యి ఎవరిది?"

"నాదే బావా."

"కన్ను ఎవరిది?"

"నాదే బావా."

"మనసు ఎక్కడుంది?"

"తాడు మీదే బావా."

ఆ తరువాతే దిగడం. ఇది తాతల నాటి మాట. పిల్లలు ఆటల్లో కూడా అనేవారు. అంతగా నోటికి వచ్చేసిన మాట కాబట్టి, దాని అర్థం గురించి ఎవరూ పెద్దగా ఆలోచించేవారు కాదు. ఒకసారి చేతికి తీసుకున్న తాడును బావమరిది కింద పెట్టేస్తే మాత్రం చుట్టరికం తెంచుకున్నట్టే. వాడితో ఎవరూ కలిసి తినరు, మాట్లాడరు.

ఆ గూడెంలో అందరికంటే మంచి తాడుచెయ్యి బయ్యన్నది. వాళ్ళ బావ ఓబులు కొండ కింద ఎక్కడ ఊపిరి పీల్చినా, పైన బయ్యన్న అరచేతికి తెలిసేదని చెప్పుకునేవారు. తాడు ఒక్కసారి కదిలితే ఇంకా దించమని, రెండుసార్లు కదిలితే ఆపమని, మూడుసార్లు కదిలితే పైకి లాగమని గుర్తు. బయ్యన్న చేతిలో ఆ గుర్తు ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఏడు వానల్లో బయ్యన్న తల్లి జ్వరంతో పోయింది.

గూడెం అంతా వాగుకు ఆ ఒడ్డున. బయ్యన్న తల్లి గుడిసె ఒక్కటే ఈ ఒడ్డున. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ దూరం ఎవరికీ దూరంగా తోచలేదు. ఆమె పోయాక వాగు వెడల్పయినట్టు అనిపించింది. అక్క ఈదమ్మ ఆ ఒడ్డు నుంచి కేకేసేది, "ఒరే తమ్ముడూ, వచ్చి ఇంత తినిపోరా!" అని. బయ్యన్న వెళ్ళేవాడు. తినేవాడు. బావతో పరాచికాలాడేవాడు. తిరిగి వచ్చేవాడు. కడుపు నిండేది. గుడిసె నిండేది కాదు.

తోచక పొయ్యిరాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏమ్మా, గంజి కాగిందా?" అని పెద్దరాయిని అడిగేవాడు. పెద్దరాయి ఏమీ అనేది కాదు. పోనీ అక్కతో ఒక మాట చెప్పుకోవచ్చు కదా? పాతికేళ్ళ మగవాడు, మీసాలున్నవాడు, అమ్మ గుర్తొస్తోందని ఎట్లా చెప్తాడు? చెప్తే నవ్వుతారేమో అనుకున్నాడు. ఆ "ఏమో" అన్న చిన్న మాట ఎందరి కొంపలు ముంచిందో, పిల్లలూ, లెక్క లేదు.

అట్లాంటి రోజుల్లో ఒక వర్తకుడు వచ్చాడు. ఒంటెద్దు మీద ఉప్పు, గుడ్డలు వేసుకుని అడవి గూడేలు తిరిగే మనిషి. మాట తీపి, చూపు చురుకు. వాగు దాటబోతూ బయ్యన్న గుడిసె ముందు ఆగాడు. లోపల ఒక్క మనిషి, ఇద్దరున్నట్టు మాటలు.

"ఏం నాయనా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరూ లేరు."

"అదే కదా నీ రోగం," అన్నాడు వర్తకుడు. నడుము దగ్గరి తిత్తి విప్పి, మిరియపు గింజంత నల్లటి ఉండ తీశాడు. "నల్లమందు. ఒంటరితనానికి ఇంతకు మించిన వైద్యం లేదు. ఊరికే ఉంచు. నీ దగ్గర నేను ఏమీ పుచ్చుకోను."

ఊరికే వచ్చేది ఊరికే పోదని బయ్యన్న తల్లి ఉంటే చెప్పేది. ఆమె లేదు కనుకనే ఆ ఉండ అతని నోట్లోకి పోయింది. కాసేపటికి ఒళ్ళు తేలిపోయింది. గుడిసె మూలన ఎవరో మెల్లగా కూనిరాగం తీస్తున్నట్టు అనిపించింది. బయ్యన్న నవ్వుతూ నిద్రపోయాడు. లేచేసరికి కూనిరాగం లేదు. గుడిసె నిన్నటికంటే రెండింతలు ఖాళీగా ఉంది.

వర్తకుడు మళ్ళీ వచ్చినప్పుడు ఆ మందు ఊరికే దొరకలేదు. ఆ ఏటి తేనెలో బయ్యన్న వాటా ఇచ్చుకున్నాడు. ఆ తరువాత వచ్చినప్పుడు అమ్మ నీళ్ళు తాగిన రాగి చెంబు ఇచ్చాడు. మూడోసారి ఇవ్వడానికి గుడిసెలో ఏమీ మిగలలేదు. వర్తకుడి చూపు గుమ్మం దగ్గర పడుకున్న కుక్క మీద పడింది.

దాని పేరు పులిగాడు. పేరుకే పులి, అడవిపిల్లిని చూస్తే బయ్యన్న కాళ్ళ మధ్య దూరేది. తల్లి పోయాక ఆ గుడిసెలో ఊపిరి ఉన్న తోడు అదొక్కటే. బయ్యన్న దాని మెడకు తాడు కట్టి వర్తకుడి చేతికిచ్చాడు. అది పది అడుగులకొకసారి ఆగి వెనక్కి చూస్తూ వెళ్ళింది. బయ్యన్న అటు చూడలేదు. అతని చూపు అరచేతిలో ఉన్న నల్లటి ఉండ మీద ఉంది. పులిగాడు మళ్ళీ ఏనాడూ తిరిగి రాలేదు.

చూశారా ఆ మందు సంగతి! ఒంటరితనం పోగొడతానని వచ్చి, ఉన్న ఒక్క తోడునూ పట్టుకుపోయింది. పైగా ఇప్పుడు కూనిరాగం కూడా వినిపించడం మానేసింది. మందు పడితే చేతులు మొద్దుబారేవి. పడకపోతే చేతులు వణికేవి. సుఖం ఎప్పుడో పోయింది, వణుకు ఆగితే చాలుననే దశకు వచ్చాడు. అక్క కేకేస్తే తిన్నానని చెప్పేవాడు. వాగు దాటడం మానేశాడు.

ఎండలు ముదిరాయి. తేనె దింపే రోజులు వచ్చాయి.

మొదటి రోజు కొండ మీద ఓబులు తాడు కట్టుకుని నవ్వుతూ అడిగాడు, "చెయ్యి ఎవరిది?"

"నాదే బావా," అన్నాడు బయ్యన్న. అది అబద్ధం. నోరు అలవాటుగా అనేసింది.

ఓబులు దిగాడు. రెండుసార్లు తాడు కదిపాడు. బయ్యన్న చేతికి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆ కాస్త ఆలస్యంలో ఓబులు మూరెడు కిందికి జారి బండకు కొట్టుకున్నాడు. పైకి వచ్చాక అతని భుజం గీరుకుపోయి ఉంది.

"ఏమయింది రా?" అన్నాడు.

"గాలి, బావా."

"గాలే అయి ఉంటుంది," అని ఓబులు భుజం తుడుచుకున్నాడు. బావమరిదిని అనుమానించడం ఆ గూడెంలో ఎవరికీ రాదు.

రెండోసారి దిగినప్పుడు తాడు రెండు బారలు జారింది. తేనె నిండిన బుట్ట లోయలో పడిపోయింది. బండ సందులో పెరిగిన పొదను పట్టుకుని ఓబులు బతికాడు. పైకి వచ్చాక నడుము ముడి విప్పుకున్నాడు.

"తాడు తడిసిందా?" అని అడిగాడు.

"తడిసింది బావా. పాతబడింది కూడా," అన్నాడు బయ్యన్న.

ఓబులు ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పాడు. ఈదమ్మకు అప్పుడు నెలలు నిండాయి. తన మొగుడి తాడు, పైగా అది పట్టేది తన తమ్ముడు. ఊరుకుంటుందా? అడ్డతీగ పట్ట తెప్పించి, నానబెట్టి, నార తీసి కొత్త తాడు పేనడానికి కూర్చుంది. తొమ్మిది రోజులు పేనింది. వేళ్ళు చిట్లి నెత్తురు వచ్చింది. పసరాకు చుట్టుకుని మళ్ళీ పేనింది.

బయ్యన్న వాగు ఈ ఒడ్డు నుంచి అదంతా చూశాడు. "తాడుకు ఏమీ కాలేదు అక్కా" అని అరవాలనుకున్నాడు. గొంతు దాకా వచ్చింది. అంతకంటే ముందుకు రాలేదు. అక్కడ ఉండలేక అడవిలోకి నడిచి, ఒక ఇప్పచెట్టు కింద కూలబడ్డాడు.

"మనిషీ, పక్కకు జరుగు. నా పూల మీద కూర్చున్నావు."

తల ఎత్తి చూస్తే ముసలి ఎలుగుబంటి. మాట్లాడే ఎలుగును చూస్తే ఎవరికైనా గుండె ఆగాలి. బయ్యన్న భయపడలేదు. అతనితో ఎవరైనా మాట్లాడి చాలా రోజులైంది. జరిగి చోటిచ్చాడు.

ఎలుగు రాలి మాగిన ఇప్పపూలు నోటినిండా తింటూ కూర్చుంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల ఒక పక్కకు వాలిపోతోంది.

"నీకు మత్తెక్కింది," అన్నాడు బయ్యన్న.

"నీకూ ఎక్కింది. నీ దగ్గర వేరే వాసన వస్తోంది, అంతే తేడా," అంది ఎలుగు. ఇంకొన్ని పూలు నోట్లో వేసుకుని అంది, "నాకొక పిల్ల ఉండేది. మా జాతిలో తల్లులు పిల్లను వీపు మీద మోస్తారు, తెలుసు కదా? ఒక ఏడు పూలు బాగా రాలాయి. తిన్నాను. ఇంకా తిన్నాను. నడుచుకుంటూ వాగు దాటాను. దాటాక చూస్తే వీపు మీద పిల్ల లేదు. ఎక్కడ జారిందో తెలియదు. వీపు తేలికైన సంగతే నాకు తెలియలేదు."

బయ్యన్న దాని వైపు తిరిగాడు. "మరి ఇంకా ఎందుకు తింటున్నావు?"

"తినకపోతే అది గుర్తొస్తుంది."

"తింటే గుర్తు రాదా?"

"వస్తుంది," అంది ఎలుగు. "అంతకు ముందు రోజే పిల్ల ఒకసారి జారబోయింది. మా అక్క నా పక్కనే ఉంది. 'నాకు ఒళ్ళు తెలియడం లేదు, కాసేపు నా పిల్లను మోయవే' అని ఒక్క మాట అంటే సరిపోయేది. సిగ్గేసింది. ఇప్పుడు చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. వినడానికి ఎవరూ లేరు. నీకెవరైనా ఉన్నారా?"

ఎలుగు ఆవులించి, చెట్టు మొదట్లో ఒరిగి, అక్కడే నిద్రపోయింది. నిద్రలో కూడా తన వీపు మాటిమాటికీ దులుపుకుంటూనే ఉంది.

మరో నాలుగు రోజులకు ఈదమ్మకు కొడుకు పుట్టాడు. గూడెంలో బిడ్డ పుడితే, తండ్రి స్వయంగా కొండ దిగి తెచ్చిన తేనెను వాడి నాలుకకు తాకించాలి. అందుకని పొద్దెక్కగానే గూడెం అంతా గద్దరాయి ఎక్కింది. డప్పులు మోగాయి. ఓబులు ముఖం వెలిగిపోతోంది. భుజం మీద ఈదమ్మ పేనిన కొత్త తాడు ఉంది.

ఆ పొద్దున బయ్యన్న మందు వేసుకోకుండా ఉందామని చూశాడు. చేతులు ఎండుటాకుల్లా ఊగాయి. ఈ చేతులతో తాడు ఎట్లా పడతానని భయపడి మందు వేసుకున్నాడు. అప్పుడు చేతులు మొద్దుబారిపోయాయి. తనను తానే గిల్లి చూసుకున్నాడు. నొప్పి తెలియలేదు.

కొండ అంచున ఒక చెట్టు మొద్దు ఉంది. దానికి తాడు ఒక చుట్టు చుట్టి, కొస తెచ్చి బయ్యన్న చేతిలో పెట్టారు. ఓబులు నడుముకు ముడి వేసుకుని అంచున నిలబడ్డాడు. డప్పులు ఆగాయి.

"చెయ్యి ఎవరిది?"

బయ్యన్న నోరు తెరిచాడు. జవాబు నాలుక చివరే ఉంది. రెండు మాటలు. చిన్నపిల్లలకు కూడా వచ్చిన మాటలు. అవి అనేస్తే పరువు నిలుస్తుంది, చుట్టరికం నిలుస్తుంది. కాని బావ నిలవడు. కొత్త తాడు అతని అరచేతిలో ఉంది. అది గరుకుగా ఉందో నున్నగా ఉందో కూడా అతనికి తెలియడం లేదు.

"చెయ్యి ఎవరిది రా?" ఓబులు నవ్వుతూ మళ్ళీ అడిగాడు.

"నాది కాదు బావా."

జనమంతా అతని వైపు తిరిగారు.

"నాది కాదు," అన్నాడు బయ్యన్న. "నల్లమందుది. ఆ వర్తకుడి దగ్గర తింటున్నాను. తింటే మొద్దుబారుతాయి, తినకపోతే వణుకుతాయి. ఆ రోజు గాలి లేదు బావా. తాడు తడవనూ లేదు. నేనే. రెండుసార్లూ నేనే. దిగవద్దు. నీకు పుణ్యముంటుంది, దిగవద్దు."

అని తాడు కొసను నేల మీద పెట్టేశాడు.

జనం ఒక్కసారిగా గోలపెట్టారు. ఎవరో రాయి తీశారు. గూడెం పెద్ద కొమరన్న చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. ఓబులు మాత్రం అరవలేదు. మెల్లగా నడుము ముడి విప్పుకున్నాడు. అతని ముఖం పాలిపోయింది.

"తాడు తడవలేదా?"

"లేదు బావా."

"మరి మీ అక్క వేళ్ళు?"

ఓబులు తాడు చుట్టుకుని కొండ దిగి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. కొమరన్న తన సొరబుర్రలో దాచుకున్న నిరుటి తేనె పంపి బిడ్డ వేడుక జరిపించాడు. ఆ తరువాత తీర్పు చెప్పాడు. "తాడు కింద పెట్టినవాడు వాగు దాటకూడదు. వాడితో ఎవరూ మాట్లాడకూడదు. చేతులు వాడివి అయ్యేదాకా అంతే."

బయ్యన్న గుడిసెకు వచ్చాడు. మందు అయిపోయింది. ఆ రాత్రికే వణుకు మొదలైంది. చలి, చెమట, వాంతులు, ఒళ్ళంతా విరిచేస్తున్న నొప్పులు. ఇంతకు ముందు అతనికి మనుషులు ఉన్నా లేరనిపించేది. ఇప్పుడు నిజంగానే లేరు. పొయ్యిరాళ్ళతో మాట్లాడటానికి కూడా ఓపిక లేదు. నిజం చెప్పి ఏం బావుకున్నానని ఏడ్చాడు.

మరునాడు ఎద్దు మెడలో గంట వినిపించింది. వర్తకుడు పెరటివైపు నుంచి తొంగి చూశాడు.

"అయ్యో నాయనా, ఏం గతి పట్టింది నీకు! ఇంద. ఈసారి కూడా ఊరికే," అని ఒక ఉండ అతని అరచేతిలో పెట్టాడు.

బయ్యన్న వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. చెయ్యి నోటివైపు లేస్తోంది. సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే గడప మీద, ఇటు వీపు తిప్పుకుని ఓబులు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. వాగు దాటకూడదన్నది బయ్యన్నకే కదా. మాట్లాడకూడదన్నది అందరికీ. అందుకని ఓబులు మాట్లాడలేదు. ఊరికే కూర్చున్నాడు.

బయ్యన్న ఆ వీపు వైపు చాలాసేపు చూశాడు.

"బావా," అన్నాడు. "మందు నా చేతిలో ఉంది. నేను పారేయలేను. నువ్వు తీసుకో."

ఓబులు ఇటు తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపాడు. బయ్యన్న పాక్కుంటూ వెళ్ళి ఆ చేతిలో ఉండ పెట్టాడు. ఓబులు దాన్ని వాగులోకి విసిరేసి, పక్కన పెట్టుకున్న, తేనెపట్లు కోసే బల్లెం అందుకుని లేచాడు. వర్తకుడు ఆ బల్లేన్ని చూసి, తన ఎద్దుకంటే ముందు పరుగెత్తాడు. గూడెం వాళ్ళు అతణ్ణి మళ్ళీ ఆ అడవిలోకి అడుగు పెట్టనివ్వలేదు.

ఆరు రోజులు ఓబులు పొద్దున వచ్చి పొద్దు గూకేదాకా గడప మీద కూర్చున్నాడు. గంజి తెచ్చి పెట్టేవాడు. బయ్యన్న అరిచినా, తిట్టినా, బతిమాలినా పలికేవాడు కాదు. ఏడో రోజుకు వణుకు తగ్గింది. ఆ రోజు నుంచి ఓబులు రాలేదు.

ఇక ఒంటరితనం అంటే ఏమిటో బయ్యన్నకు అప్పుడు పూర్తిగా తెలిసింది. తేనె రోజులు ఒకసారి వచ్చి వెళ్ళాయి. ఆ ఒడ్డున డప్పులు మోగేవి. బావ తాడు ఇప్పుడు ఎవరు పడుతున్నారో అనుకునేవాడు. అడిగేందుకు మనిషి లేడు. రోజూ పొద్దున ఒక ఆకుదొప్ప నిండా నీళ్ళు పట్టుకుని వాగు నుంచి గుడిసె దాకా నడిచేవాడు. మొదట్లో గుమ్మం చేరేసరికి దొప్పలో చుక్క మిగిలేది కాదు. కొన్ని రోజులు సగం మిగిలేవి. మందు గుర్తొచ్చిన రోజు మళ్ళీ అన్నీ ఒలికిపోయేవి. నీళ్ళు పోసుకుని మళ్ళీ నడిచేవాడు.

రెండో ఏడు తేనె రోజులు కూడా వెళ్ళిపోతుండగా, ఈదమ్మ ఒక పూట నీళ్ళకు వచ్చి ఆ ఒడ్డున నిలబడింది. చంకలో పిల్లవాడు. చుట్టూ చూసింది. ఇక ఆగలేకపోయింది.

"ఒరే తమ్ముడూ! మీ బావ రెండేళ్ళుగా దుంపలు తవ్వుతున్నాడని నీకు తెలుసా?"

బయ్యన్న తెల్లబోయాడు. "తేనెకు దిగడం లేదా?"

"మన చిన్నాయన కొడుకు వచ్చి, నేనూ తమ్ముణ్ణే కదా, తాడు నేను పడతానన్నాడు. మీ బావ వద్దన్నాడు. 'నాకు బావమరిది ఉన్నాడు, ఇప్పుడు వాగవతల ఉన్నాడు, అంతే' అన్నాడు. గూడెం అంతా నవ్వుతోంది ఈ మనిషిని చూసి. నేనూ తిట్టాను. ఏమన్నాడో తెలుసా? 'తన చెయ్యి తనది కాకపోయినా నాదే అనేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారే. అందరి ముందూ పరువు పోగొట్టుకుని నా ప్రాణం నిలబెట్టినవాడు వాడొక్కడే. వాడికోసం ఆగుతాను' అన్నాడు."

ఈదమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. బయ్యన్న అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. ఈ రెండేళ్ళూ తనకు ఎవరూ లేరనుకున్నాడు. ఎవరూ లేరనుకున్న ప్రతి రోజూ, ఆ ఒడ్డున ఒక మనిషి తనకోసం తేనె మానుకుని ఆగాడు. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈసారి ఎవరైనా వింటారేమో అని సిగ్గుపడలేదు.

అయినా ఆ రోజు వాగు దాటలేదు. ఇంకా కాదని అతనికే తెలుసు. మరో ఏడు నడిచాడు, నీళ్ళ దొప్పతో.

మూడో ఏడు తేనె కాలంలో ఒక పొద్దున గూడెం వాళ్ళు చూస్తే, బయ్యన్న వాగులో మోకాలి లోతున నిలబడి ఉన్నాడు. ఒడ్డు ఎక్కలేదు. కొమరన్న కర్ర ఊతంగా పెట్టుకుంటూ వచ్చాడు. ఓబులు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"బాగయ్యావా?" అని అడిగాడు కొమరన్న.

"పూర్తిగా బాగయ్యానని చెప్పలేను పెద్దయ్యా," అన్నాడు బయ్యన్న. "మందు గుర్తొచ్చే రోజులు ఇంకా ఉన్నాయి. కాని ఈ వేళ నా చేతులు నావే. రేపు కాకపోతే ఆ సంగతి రేపు చెప్తాను. దాచను."

కొమరన్న అతని ముఖంలోకి తేరిపార చూశాడు. "సరే, ఒడ్డుకు రారా. కాళ్ళు నానిపోతాయి," అన్నాడు.

ఆ మధ్యాహ్నం గద్దరాయి మీద ఓబులు నడుముకు తాడు కట్టుకున్నాడు. అడగవలసినవి అడిగాడు. చెప్పవలసినవి బయ్యన్న చెప్పాడు, ఒక్కొక్క మాటా ఆలోచించి. ఓబులు అంచు దాటి కనుమరుగయ్యాడు. తాడు బిగిసింది.

బయ్యన్న కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఏమయింది రా?" అన్నాడు పక్కన నిలబడ్డ కొమరన్న కంగారుగా. "చేతులు నొప్పిగా ఉన్నాయా?"

"లేదు పెద్దయ్యా," అన్నాడు బయ్యన్న తాడు మీదనుంచి చూపు తిప్పకుండా. "బరువు తెలుస్తోంది. బావ బరువు నాకు తెలుస్తోంది."

కింద నుంచి తాడు మూడుసార్లు కదిలింది. బయ్యన్న లాగాడు.

ఇదీ గద్దరాయి మీద జరిగిన కథ. మత్తు మనిషిని నలుగురిలోంచి విడదీసి ఒంటరిని చేసి మింగుతుంది. సిగ్గు విడిచి నిజం చెప్పుకున్నవాడికి పట్టుకునే చెయ్యి ఒకటి తప్పక దొరుకుతుంది.